కంపైలర్ కొట్టేసిన ప్రశ్న

మార్తా అక్క చెయ్యి జారిందట. ఆసుపత్రి వాళ్లకు మా కంపెనీ ఇచ్చిన జవాబు అది.

ఐర్లండ్‌లోని కార్లోలో మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. ఆమె నర్సు. నేను, పేషెంటుకి మందును కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రామర్ని. కోవిడ్ వార్డులో మందు అయిపోయిన సిరంజిని అక్క తీయగానే పంపు తెర నల్లబడి, మళ్లీ మొదటినుంచి మొదలైంది. ఈలోగా పేషెంటుకి మందు ఆగిపోయింది. ఆయన బతికాడు గనక సరిపోయింది. విచారణ అయ్యేదాకా అక్కను డ్యూటీకి రావద్దన్నారు. వార్డుల్లో మనుషులు చాలక అల్లాడుతున్న రోజుల్లో, అంత అనుభవమున్న నర్సు ఇంట్లో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది.

లాక్‌డౌన్ కాబట్టి పరీక్షించే పంపు మా వంటింటి బల్ల మీదే ఉంది. ఎన్నిసార్లు సిరంజి పీకినా దానికేమీ కాలేదు. అప్పుడు తట్టింది. మేము పరీక్షించేది ప్రోగ్రామును రాసింది రాసినట్టే నడిపే నెమ్మది రకాన్ని. ఆసుపత్రికి వెళ్లేది, వేగం కోసం కంపైలర్, అంటే మేము రాసినదాన్ని మెషిన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్, తనకు అనవసరమనిపించినవన్నీ తీసేసిన రకం. దాన్ని ఎక్కించి సిరంజి పీకాను. తెర నల్లబడింది.

కంపైలర్ తయారుచేసిన మెషిన్ కోడ్‌ను వరసగా చదివితే దొంగ దొరికాడు. మా ప్రోగ్రాము ముందు సిరంజి వివరాలు చదివేసి, ఆ తర్వాత అసలు సిరంజి ఉందా అని అడుగుతుంది. వివరాలు చదివామంటే ఉన్నట్టేగా, ఇంకా అడగడమెందుకని కంపైలర్ ఆ ప్రశ్నను కొట్టేసింది. లేని సిరంజితో లెక్కలు వేయబోయి పంపు కూలింది. అక్క విషయంలోనూ మావాళ్లు చేసింది అదే. తప్పు నర్సుదేనని ముందే అనుకున్నారు, ఇంకేమీ అడగలేదు.

రెండు లైన్లు ముందువెనకలు చేస్తే సరిపోయింది. వీడియో మీటింగులో మేనేజర్ డెక్లన్ ఇక్కడివాళ్ల అలవాటు మాటలో 'గ్రాండ్', అంతా బాగుంది అన్నాడు. మామూలు అప్‌డేట్ అని పంపేద్దాం, పాత సంగతి కదపొద్దన్నాడు. ఆ అప్‌డేట్ బయటికి వెళ్లాలంటే ఆమోదం నొక్కాల్సింది నేను. కంపెనీ తన తప్పు ఒప్పుకుంటే తప్ప నొక్కనన్నాను. నా వర్క్ పర్మిట్ ఈ కంపెనీ పేరు మీదే ఉందని చాలా మర్యాదగా గుర్తుచేశాడు. భయం వేసింది. కోపం అంతకన్నా ఎక్కువ వేసింది.

అక్కను కెమెరా ముందుకు పిలిచాను.

"చేతులు వెనక్కి పెట్టుకో అక్కా."

ఆసుపత్రుల్లో ఉన్న రకాన్నే పంపులోకి ఎక్కించి, అందరూ చూస్తుండగా సిరంజి పీకాను. తెర నల్లబడింది.

ఈసారి ఎవరి చెయ్యి జారిందని డెక్లన్‌ను ఇంగ్లీషులో అడిగాను. అక్క నా భుజం తట్టింది.

"నా సంగతి తర్వాతలేమ్మా. ఆ పంపులు ఇంకా మా వార్డులోనే ఉన్నాయి. అక్కడి నర్సు పిల్లలకి ముందు ఫోన్ చెయ్యమను."

అదే మాట డెక్లన్‌కు చెప్పాను. అతను వార్డు ఫోన్ నంబరు అడిగాడు. అక్క ఎక్కడా చూసుకోకుండా చెప్పింది.

మా అందరి ముందూ అతను ఫోన్ చేసి, తప్పు పంపుదే, నర్సుది కాదు అన్నాడు. అప్పుడు నొక్కాను.