మూడో లైనులో ఒకరు

నా గొంతంటే ఒకప్పుడు నాకు గర్వమే. అబద్ధమెందుకు? యూనిఫారాలు కుట్టే మా ఫ్యాక్టరీలో మిషన్లన్నీ ఒక్కసారిగా గడగడలాడుతున్నా, నేను మైకులో "టీ టైము" అన్నానంటే చివరి బల్లదాకా వినపడేది. అందరూ నన్ను మైకమ్మ అనేవాళ్ళు. అసలు పేరుతో పిలిస్తే నేనే పలికేదాన్ని కాదు.

ఆ జబ్బు లోకం మీద పడ్డాక మేనేజరు నాకు కొత్త పని అంటగట్టాడు. వారానికోసారి అందరి ముక్కుల్లో పుల్ల పెట్టి పరీక్ష చేసేవాళ్ళు. ఎవరికైనా ఉందని తేలితే, పొద్దున్న ఎనిమిదింటికి మేనేజరు ఇంట్లోంచి ఆ పేరు నా ఫోనుకి పంపేవాడు. నేను ఆ మనిషికి ఫోన్ చేసి, "రావొద్దు, భయపడకు, ఎవరికీ చెప్పం" అనాలి. తొమ్మిదింటికి మైకులో సెక్షన్ మాత్రమే చెప్పాలి. పేరు చెబితే నా ఉద్యోగం ఊడుతుంది, చట్టమట. ఆ సెక్షనంతా పద్నాలుగు రోజులు ఇంటికి.

"ప్రతిసారీ చదవడమెందుకు, అన్నిటికీ కలిపి ఒకేసారి రికార్డు చేసిపారెయ్" అన్నాడు మేనేజరు. కటింగు, కుట్టుమిషన్ల మూడు లైన్లు, ఇస్త్రీ, ప్యాకింగు, అన్నీ చదివాను. "పనిలో పని, ఆఫీసు గదిక్కూడా చదువు" అన్నాడు. ఆఫీసు గదిలో కూర్చునేది నేనొక్కదాన్నే. నవ్వాపుకోలేక రెండుసార్లు పాడుచేసి మూడోసారి చదివాను. "ఆఫీసు గదిలో ఒకరికి జబ్బు ఉన్నట్టు తేలింది. పేరు చెప్పడం కుదరదు. దయచేసి సహకరించండి." ఆయన ఇంట్లో కూర్చుని ఫోనులో మీట నొక్కితే చాలు, ఇక్కడ నా గొంతు ఐదేసి నిమిషాలకోసారి మూడుసార్లు పలుకుతుంది.

మొదటిసారి అది పలికినప్పుడు నేను హాల్లో నీళ్ళు తాగుతున్నాను. నోటినిండా నీళ్ళున్నాయి. పైనుంచి నేనే మాట్లాడుతున్నాను. "మూడో లైనులో ఒకరికి..." మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరూ నావైపు చూడలేదు. అందరూ గోడమీది స్పీకరు వైపు తలెత్తారు, నేను అక్కడే ఉన్నట్టు.

మూడో లైనులో పన్నెండుమంది. బస్సులు సరిగ్గా లేక, సగంమంది ఒకరోజు, సగంమంది మర్నాడు వచ్చేవాళ్ళు. కాబట్టి రానివాళ్ళని చూసి ఎవరికని పోల్చుకోవడానికి లేదు. ఆ పన్నెండుమందిలో మా వదిన కూడా ఉంది. అన్నయ్యా, వదినా, నేనూ ఒకే ఇంట్లో ఉంటాం.

సాయంత్రం నేను చెప్పులు విప్పకముందే వదిన పట్టుకుంది. "ఎవరే?"

"చెప్పకూడదు వదినా."

"నాకు కూడానా? ఓయబ్బో! కాలర్లావిడా?"

"చెప్పను."

"జేబులావిడా?"

"చెప్పనన్నానా?"

"గుండీలక్కా?"

పొద్దుట్నుంచీ నా గొంతు నేనే వినీ వినీ విసిగిపోయి ఉన్నాను. నోరు మూసుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాను.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు. సర్లే, అర్థమైందిలే" అంది వదిన వెనకనుంచి. వెనక్కొచ్చి అరిచాను, ఎవరి పేరెత్తినా నేను చెప్పేది అదేనని. "అదిగో, ఉలుకు చూడు" అని నవ్వింది.

గుండీలక్కకి ఏ జబ్బూ లేదు. ఏభై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు. నలుగురితో కలిసి ఒకే కొళాయి వాడుకునే ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకుని ఉంటోంది. వదిన నోట పడ్డ మాట అక్కడిదాకా పాకినట్టుంది, నాలుగోరోజు ఆవిడ ఫోన్ చేసింది.

"మైకమ్మా, నన్ను కొళాయి దగ్గరికి రానివ్వట్లేదమ్మా. ఇల్లుగలావిడ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంది. నేను కాదని మైకులో ఒక్క మాట చెప్పవూ?"

"పరీక్ష కాగితం చూపించక్కా" అన్నాను, తెలివితక్కువగా.

"జబ్బుంటే కాగితం ఇస్తారు. లేదని కాగితం ఎవరిస్తారమ్మా?"

నిజమే, ఇవ్వం. మేనేజరుకి ఫోన్ చేసి మొత్తుకున్నాను. ఆయన నింపాదిగా అన్నాడు. "ఈవిడ కాదని చెబుతాం. రేపు ఇంకో ఆవిడ తనూ కాదని చెప్పమంటుంది. అలా కాదు, కాదు అనుకుంటూ పోతే చివరికి మిగిలేదెవరు? పేరు చెప్పినట్టే కదా?"

ఆయన మాటలో తప్పు లేదు. ఒళ్ళు మండింది కూడా అందుకే. అసలు మనిషి కాజాలు కుట్టే ఆమె. ఆ పొద్దున్న ఫోనులో ఏడ్చేసింది. "మా ఆయనకి తెలిస్తే గడప తొక్కనివ్వడు. చంటిదాన్ని మళ్ళీ నా చేతికివ్వడు. నడుంనొప్పని చెప్పి మేడమీద గదిలో పడుకుంటాను. ఒట్టెయ్యి మైకమ్మా." వేశాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను కరవనూ లేదు, విడవనూ లేదు. నోరు మూసుకున్నాను.

పద్నాలుగు రోజులయ్యాక మూడో లైను తిరిగొచ్చింది. గుండీలక్క స్టూలు మాత్రం మెట్లకిందకి చేరింది. కాజాలైన చొక్కాల బుట్టని గజం కర్రతో ఆవిడ వైపు నెట్టేవాళ్ళు. నెట్టాల్సింది కాజాలామే. ఆ కర్ర వణకడం నేనొక్కదాన్నే చూశాననుకున్నాను.

తర్వాత ఇస్త్రీలో ఒకరు, కటింగులో ఒకరు. ఆ గొంతు పలికితేనే జబ్బు వస్తోందని హాల్లో గుసగుసలు. స్పీకరు కింద నుంచి వెళ్ళేటప్పుడు తలొంచుకుని గబగబా నడిచేవాళ్ళు. మా వీధి పిల్లలు అరుగుమీద నా మాటలతో ఆట కట్టారు. ఒకడు "ఒకరికి!" అంటే మిగతావాళ్ళు కదలకుండా నిలబడాలి. ఓ రోజు ఇంట్లో "అన్నయ్యా" అని పిలిచాను, అన్నానికి రమ్మని. అన్నయ్య ఉలిక్కిపడి, "ఎవరికే?" అన్నాడు.

నెలాఖరు రోజు వచ్చింది. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది, మేనేజరు నుంచి ఏ పేరూ రాలేదు. అమ్మయ్య, ఈ వారం ఎవరికీ లేదు! ఆ ముక్క చెబుదామని హాల్లోకి వెళ్ళాను. మెట్లకింద గుండీలక్క పక్కన ఒక ట్రంకుపెట్టె, చుట్టచుట్టిన పరుపు ఉన్నాయి. పొద్దున్నే గది ఖాళీ చేసి వచ్చేసింది. నేను ఆవిడ మొహం చూడలేకపోయాను.

స్పీకరు గరగరలాడింది.

"ఆఫీసు గదిలో ఒకరికి..."

పాపం, ఎవరో, అనుకుని నేనూ తలెత్తాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. నవ్వు ఆపుకుని చదివిన ఆ గొంతులో, జాగ్రత్తగా వింటే, నవ్వు ఇంకా ఉంది. జబ్బు వచ్చినవాళ్ళకి ఫోన్ చెయ్యాల్సింది నేను. నాకెవరు చేస్తారు? నా పేరు నాకే పంపడమెందుకని ఊరుకుని మీట నొక్కేసి ఉంటాడు, ఆ మహానుభావుడు.

ఈసారి ఎవరూ స్పీకరు వైపు చూడలేదు. హాలంతా నన్నే చూసింది.

"రాత్రి మాతో కూర్చునే తిన్నావు కదే!" అంది వదిన, వెనక్కి వెనక్కి జరుగుతూ.

నాకు కోపం ముంచుకొచ్చింది. "అవును, నేనే! చెప్పేశాను, నా పేరే కాబట్టి చట్టం నన్నేం చెయ్యదు. ఇంకో మాట కూడా వినండి. అప్పుడు మూడో లైనులో వచ్చింది గుండీలక్కకి కాదు!"

వెంటనే వదిన అడిగింది. "మరెవరికి?"

"మరెవరికి?" అంది కాలర్లావిడ. "మరెవరికి?" అన్నారు వెనకనుంచి ఇంకెవరో. కళ్ళన్నీ మూడో లైను వెంట ఒక్కో స్టూలూ దాటుతూ వెళ్తున్నాయి. కాజాలామె మొహంలో నెత్తురు చుక్క లేదు. నావైపే చూస్తోంది. మేనేజరు మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది నాకు. పైనుంచి నా గొంతు రెండోసారి మొదలుపెట్టింది. పేరు చెప్పడం కుదరదంది.

"నాకే."

మెట్లకింద నుంచి. గుండీలక్క దారాన్ని పంటితో తెంపి, సూదిని జాకెట్టుకి గుచ్చుకుంది. "మైకమ్మ నామీద జాలిపడి అంటోంది. వచ్చింది నాకే. గది ఎలాగూ పోయింది, ఇంకేం పోవాలి? మిషన్లు తొక్కండి."

ఒక్కొక్క మిషనే మళ్ళీ మొదలైంది. కాజాలామెది అన్నిటికన్నా చివర.

నాకు ఏడుపు ఆగలేదు. గుండీలక్క ట్రంకుపెట్టెని కాలితో పక్కకి జరిపి, కింది మెట్టు చూపించింది. "కూర్చో, నిన్ను తీసుకెళ్ళే బండి వచ్చేదాకా. దూరంగానేలే."

"ఎందుకన్నావక్కా ఆ మాట?"

"ఆ కర్ర వణకడం నేనూ చూశానమ్మా, ఇన్నాళ్ళూ" అంది. ఇంకో చొక్కా ఒళ్ళోకి తీసుకుంది.

పైన నా గొంతు మూడోసారి అందుకుంది. ఈసారి ఎవరూ తలెత్తలేదు.