నేను చూస్తుంటాలే

ఒక్క రాత్రి ఇంట్లో లేకపోవడానికి అక్క ముందురోజు నుంచే పని మొదలుపెట్టింది. శుక్రవారం సాయంత్రం కూరగాయలు తరిగి డబ్బాల్లో సర్దింది. శనివారం తెల్లవారకముందే లేచి, రాత్రికీ మర్నాడు పొద్దుటికీ సరిపడా వండేసింది. అత్తగారి మాత్రలు చిన్న గిన్నెలో వేసి, పక్కనే నీళ్ళ గ్లాసు మీద మూత పెట్టింది. ఏ డబ్బా వేడి చెయ్యాలో, ఏది చెయ్యక్కర్లేదో ఫ్రిజ్ తలుపు తీసి మరీ భర్తకి చూపించింది. "నేనేమైనా చిన్నపిల్లాడినా? తెలుసులే," అన్నాడాయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా. నెల్లాళ్ళ ప్రయాణానికి కూడా ఎవరూ ఇంత హడావుడి పడరు. ఆమె వెళ్తున్నది మాత్రం ఊరికి అటు చివరనున్న దీపాల వీధికి, నాలుగైదు గంటలకి.

అక్క అంటే ఎవరికి అక్క అని అడక్కండి. ఆమె పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో అందరికీ అక్కే. ఆమెకన్నా ఆరేళ్ళు పెద్దదైన క్యాషియర్ కూడా నోరారా అక్కా అనే పిలుస్తుంది. ఆ పిలుపులో ఉన్న సుఖం ఏమిటంటే, ఒకసారి అక్కా అన్నాక పని చెప్పడం తేలిక. ఆమె ఉద్యోగం రిపోర్టులు టైపు చెయ్యడం. కానీ ఎవరి పుట్టినరోజు వచ్చినా కేకు కొయ్యాల్సింది ఆమే. "అక్క కోస్తే ముక్కలు సమంగా వస్తాయి," అంటాడు మేనేజరు, పెద్ద బిరుదేదో ఇస్తున్నట్టు. అందరికీ పంచేసి, అట్టకి అంటుకున్న క్రీముని వేలితో తీసి నోట్లో వేసుకుని, బల్ల తుడిచి, ఆ అట్టని చెత్తబుట్టలో పడేసి వస్తుంది. 'అక్కకి తీపి అంటే పడదు' అని ల్యాబులో ఎప్పుడో స్థిరపడిపోయింది. ఎవరన్నారో, ఎప్పుడన్నారో తెలీదు. నిజానికి ఆమెకి తీపంటే ప్రాణం.

ల్యాబులో రిసెప్షన్ అమ్మాయికి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చింది. వెళ్ళిపోయే ముందు ఆ పిల్ల తెగేసి చెప్పింది. "నాకు కేకూ వద్దు, పూలగుత్తీ వద్దు. ఆడాళ్ళమందరం శనివారం రాత్రి దీపాల వీధికి పోదాం. మేనేజర్ గారి చెవిన పడిందో, ఆయనా తయారైపోతారు. గప్‌చుప్!" తర్వాత అక్క కుర్చీ దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాకపోతే నామీద ఒట్టే అక్కా."

దీపాల వీధి సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. రోజూ బస్సులో ఆ వీధి మలుపు మీదుగానే ఆమె పనికి వెళ్తుంది. పొద్దున పూట అక్కడ చూసేందుకేమీ ఉండదు. దింపేసిన షట్టర్లు, ఖాళీ సీసాల పెట్టెలు, పైపుతో పేవ్‌మెంటు కడిగే మనిషి. రాత్రిపూట పాటలతో, డాన్సు హాళ్ళతో అది వేరే లోకం అంటారు. ఆమె భర్త ఆఫీసు స్నేహితులతో అప్పుడప్పుడూ వెళ్ళొస్తాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి సరదాపడి, "నన్నూ తీసుకెళ్ళకూడదూ?" అని అడిగింది. "అది సంసారులు తిరిగే చోటు కాదు," అన్నాడు. "మరి మీరో?" అంటే, "మగాళ్ళ సంగతి వేరు," అన్నాడు. ఆ మాట మీద ఇరవై నాలుగేళ్ళు గడిచిపోయాయి. ఇద్దరు పిల్లలు పుట్టారు, పెరిగారు, చదువులకి వేరే ఊళ్ళు వెళ్ళారు. ఆమె మళ్ళీ అడగలేదు.

అడక్కపోతే కోరిక చచ్చిపోతుందనుకుంటారు గానీ, అదేం చావదు. అక్కకి డాన్సంటే పిచ్చి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వంటింట్లో రేడియో సన్నగా పెట్టుకుని, స్టవ్‌కీ సింకుకీ మధ్యనున్న ఆ కాస్త జాగాలో ఆడుతుంది. ఒక పాట ఉంది, చిన్నప్పటిది. అది వచ్చిందంటే చేతిలో గరిటె ఉన్నా సరే, కాళ్ళు ఆగవు. ఒకసారి అత్తగారు అనుకోకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏంటమ్మా, కాలు కాలిందా?" అంది కంగారుగా. ఏం చెబుతుంది? "అవునత్తయ్యా, నూనె చిందింది," అంది. అత్తగారు పాపం లోపలికి పరిగెత్తి మందు తెచ్చి, రాసేదాకా ఎదురుగా కూర్చుంది. కాలని కాలికి మందు రాసుకుంటూ అక్క తలొంచుకుని అలాగే ఉండిపోయింది. ఆమెకి కావలసిందల్లా ఒక్కటే. ఎవరూ ఎవర్నీ పట్టించుకోని జనం మధ్య, పెద్ద సంగీతంలో, ఒక్కసారి ఒళ్ళు మరిచి ఆడాలి. నలభై ఏడేళ్ళొచ్చాయి. మోకాళ్ళు మూలగడం మొదలెట్టాయి. ఈసారి ఎలాగైనా ఆడి తీరాలనుకుంది.

టాక్సీలో ఐదుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. "మీ ఆయన ఏమన్నారక్కా?" అని క్యాషియర్ అడిగింది.

"పంపించారు," అంది అక్క.

"పంపించడానికి నువ్వేమైనా కొరియరువా?" అంది రిసెప్షన్ అమ్మాయి. టాక్సీ అంతా గొల్లుమంది. అక్క కూడా నవ్వింది. నవ్విందే గానీ, ఆ మాట ఎక్కడో కలుక్కుమంది. నిజమే కదా. ఫలానా చోటికి పంపించారు, ఫలానా పెళ్ళికి పంపించలేదు అనే ఇన్నేళ్ళూ మాట్లాడింది. తాను వెళ్ళిందని ఎప్పుడైనా అందా?

వీధిలో దిగగానే మొదట బ్యాగు గుండెలకి హత్తుకుంది. తర్వాత మెల్లిగా తలెత్తి చూసింది. తలుపు తలుపుకీ ఒక పాట, ఒక రంగు దీపం. డ్యూటీ దిగి, మెడలో గుర్తింపు కార్డులు కూడా తియ్యకుండా వచ్చిన నర్సుల గుంపొకటి పగలబడి నవ్వుకుంటూ పోతోంది. ఎత్తుమడమల చెప్పులు విప్పేసి ఒకామె పేవ్‌మెంటు అంచున కూర్చుని పాదాలు పిసుక్కుంటోంది. డెబ్భై దాటిన మొగుడూ పెళ్ళాం చేతులు పట్టుకుని, ఏ పాట బావుంటే ఆ తలుపు ముందు కాసేపు ఆగుతున్నారు. అక్కవైపు ఒక్కరంటే ఒక్కరు తలతిప్పి చూడలేదు. ఇన్నేళ్ళూ తనని దేన్నుంచి కాపాడారో ఆమెకి బోధపడలేదు. 'ఇంతేనా? ఇదేనా సంసారులు తిరగని చోటు?' అనుకుంది. కోపం కూడా వచ్చింది, కానీ అవతల తోటివాళ్ళు తొందరపెడుతుంటే కోపాన్ని పక్కనపెట్టి నడిచింది.

వాళ్ళు వెళ్ళిన డాన్సు హాలు పెద్దది. మూల సోఫా దొరికింది. బ్యాగులన్నీ సోఫా మీద కుప్పగా పడ్డాయో లేదో, పాట మారింది. నలుగురూ ఎగిరి లేచారు. రిసెప్షన్ అమ్మాయి చెయ్యి చాచింది. "లే అక్కా, లే లే!"

అక్క సోఫా అంచుకి జరిగింది. లేవాలనే అనుకుంది. ఆ దేవుడి మీద ఒట్టు, లేవాలనే అనుకుంది. కానీ ఆమె అనుమతి లేకుండానే ఆమె నోరు అనేసింది. "మీరు వెళ్ళండి. బ్యాగులు నేను చూస్తుంటాలే."

ఆ మాట ఆమె నోటికి అలా అలవాటైపోయింది. సముద్రానికి వెళ్తే ఒడ్డున చెప్పులూ తువ్వాళ్ళూ చూసింది. ఎగ్జిబిషన్‌కి వెళ్తే జెయింట్ వీల్ కింద అందరి ఐస్‌క్రీములూ పట్టుకుని నిలబడింది, అవి కరిగి మోచేతులదాకా కారుతుంటే. పెళ్ళిళ్ళకి వెళ్తే ఎవరి చంటిపిల్లల్నో ఒళ్ళో వేసుకుని, వాళ్ళ అమ్మలు భోంచేసి వచ్చేదాకా చూసింది. ఇంట్లో ఉన్న ఆల్బమ్‌లన్నిట్లోనూ ఆమె కనబడేది రెండు మూడు ఫొటోల్లోనే. మిగతావన్నీ తీసింది ఆమే. 'దాన్ని బతిమాలకండి, దానికి భయం,' అనేవాడు భర్త జెయింట్ వీల్ దగ్గర. భయమో కాదో ఎక్కితే కదా తెలిసేది!

కూర్చున్నదల్లా ఊరికే కూర్చోలేకపోయింది. ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టింది. టిష్యూ తీసి బల్ల మీది తడి తుడిచింది. పక్కబల్ల దగ్గరున్న పెద్దమనిషి అది చూసి తన గ్లాసులు ముందుకు తోశాడు. "ఇవి కూడా తీసేయండి మేడమ్. ఇంకో రెండు సోడాలు." అక్క "సరేనండీ" అని లేచింది! లేచి, వెనక్కి తిరిగి బ్యాగులు చూసుకుంటూ కౌంటర్ దాకా వెళ్ళి, గ్లాసులు పెట్టి, రెండు సోడాలు చెప్పింది. కౌంటర్ వెనకున్న అమ్మాయి ఆమెని ఎగాదిగా చూసింది.

"మీరిక్కడ పనిచెయ్యరు కదా?"

"లేదమ్మా."

"మరి?"

"ఆయన అడిగారు కదా అని..."

ఆ అమ్మాయికి నవ్వాలో వద్దో తెలియలేదు. "మీరెళ్ళి కూర్చోండి మేడమ్, నేను పంపిస్తా," అంది మెత్తగా. అక్కకి తల కొట్టేసినట్టయింది. వచ్చి కూర్చుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది, మళ్ళీ ఎక్కడ పనికి లేస్తాయోనని.

ఈలోపు ఇంటినుంచి భర్త ఫోన్. డబ్బా మూత రావట్లేదట. ఎటువైపు తిప్పాలో చెప్పింది. మళ్ళీ ఫోన్. అమ్మకి ముందు తెల్ల మాత్రా, పసుపు మాత్రా? "ఏంటా గోల? వినపడి చావట్లేదు. బయటికెళ్ళి మాట్లాడు," అని కసిరాడు. బయటికెళ్ళి చెప్పి వచ్చింది, భుజాన ఐదు బ్యాగులతో. జనంలో క్యాషియర్ కనిపించింది. యాభై మూడేళ్ళ మనిషి జుట్టు విప్పుకుని చిన్నపిల్లలా గెంతుతోంది. అక్కకి అసూయ కలిగింది. అసూయపడినందుకు సిగ్గూ కలిగింది. 'ఈ పాట అయ్యాక వెళ్తా' అనుకుంది. అది అయ్యింది. 'సరే, తర్వాతిది' అనుకుంది.

అప్పుడు ఆ పాట వచ్చింది. వంటింటి పాట. రేడియోలో పీలగా వినిపించే ఆ పాట ఇక్కడ నేలలోంచి, సోఫాలోంచి, ఎముకల్లోంచి వచ్చింది. హాలంతా ఒక్క గొంతుతో అందుకుంది. ఇన్ని వందల మందికి ఈ పాట వచ్చని ఆమెకి తెలియనే తెలియదు. ఇంక ఆలోచించలేదు. బ్యాగులన్నీ అడ్డంగా మెళ్ళో వేసుకుంది. లేచింది. జనం అంచుదాకా వెళ్ళింది. పాదం లయకి లేవబోయింది. ఫోన్ మోగింది.

ఎత్తకుండా ఉండొచ్చు. ఆ సంగతి ఆమెకి తర్వాత తట్టింది. ఆ క్షణాన మాత్రం అత్తగారికేమైందోనని పరుగున నడవాలోకి వెళ్ళింది.

"నేను స్టవ్ ఆపానా?" అన్నాడు భర్త.

"ఏంటండీ?"

"మంచమెక్కాక డౌటొచ్చింది. ఆపానా, లేదా?"

"మీరు ఆపారో లేదో ఇక్కణ్ణుంచి నాకెలా తెలుస్తుందండీ?"

"రోజూ చూసేది నువ్వే కదా."

"లేచి చూడండి."

"సరే, లైన్లో ఉండు."

ఆమె లైన్లో ఉంది. ఆయన చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళడం వింది. దగ్గడం వింది. ఫ్రిజ్ తీసి, తీరిగ్గా నీళ్ళు తాగడం వింది. గోడ అవతల పాట చివరి చరణానికొచ్చింది. "ఆ, ఆపే ఉంది," అన్నాడు. ఆమె తలుపు తోసుకుని హాల్లోకి వచ్చేసరికి పాట అయిపోయి జనం చప్పట్లు కొడుతున్నారు. పైన తెల్ల లైట్లు వెలిగాయి. ఈ రాత్రికి ఇంతే, అందరూ క్షేమంగా ఇళ్ళకెళ్ళండి అని మైకులో ఎవరో చెబుతున్నారు.

క్యాషియర్ చెమటలు కక్కుకుంటూ వచ్చింది. "ఇదేంటక్కా, అన్నీ మెళ్ళో వేసుకుని మోస్తున్నావ్? బ్యాగులు పెట్టుకోడానికి గుమ్మం పక్కనే గది ఉందిగా. టోకెన్ ఇస్తారు."

"ఉందా?" అంది అక్క. "మరి చెప్పలేదేం?"

"నువ్వే చూస్తుంటానన్నావు కదా! నీకిలాంటివి ఇష్టం ఉండవేమో, మా కోసం వచ్చావనుకున్నాం."

రిసెప్షన్ అమ్మాయి వచ్చి ఆమెని గట్టిగా వాటేసుకుంది. "నువ్వున్నావు కాబట్టే నిశ్చింతగా ఆడుకున్నాం అక్కా. థాంక్స్." ఆ పిల్ల మాటలో వెటకారం లేదు. అదే భరించలేకపోయింది అక్క.

తిరుగు టాక్సీలో అందరూ నిద్రపోయారు. ఆమెకి నిద్ర రాలేదు. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే కోప్పడొచ్చు, తిట్టొచ్చు, పదిమందికీ చెప్పుకోవచ్చు. ఇక్కడ ఎవరూ ఆపలేదే! పిలిచారు, చెయ్యి కూడా చాచారు. ఏడుపొచ్చింది. ఏడిస్తే ఎవరో ఒకరు లేస్తారు, కారణం చెప్పాలి. చెబితే ఆ పిల్ల ఆఖరి రాత్రి పాడవుతుంది. పళ్ళ బిగువున ఆపుకుంది. సముద్రంలో దిగాల్సింది, వీల్ ఎక్కాల్సింది, అత్తగారు అడిగిన రోజు 'డాన్సు చేస్తున్నానత్తయ్యా' అనాల్సింది. మహా అయితే ఏమనేది? ఓ నాలుగు మాటలు అనేది. ఆ నాలుగు మాటలకి జడిసి ఇంత జీవితం ఒడ్డున కూర్చుంది.

తలుపు భర్తే తీశాడు. సింకు నిండా గిన్నెలు. వేడి చెయ్యొద్దన్న డబ్బా స్టవ్ పక్కన మూత లేకుండా ఉంది. "వచ్చిందా? గడియ పెట్టమను," అని లోపలి గదిలోంచి అత్తగారి గొంతు.

"వచ్చావా మహాతల్లీ?" అన్నాడాయన ఆవలిస్తూ. "సరదా తీరిందా?"

"తీరలేదండీ," అంది.

"అదేంటి? ఇంత రాత్రిదాకా ఉండి?"

"బ్యాగులకి కాపలా కాశాను. అంతే."

"మంచి పనేగా. ఎవరో ఒకరు కాయాలి కదా," అని ఆయన పడగ్గదివైపు తిరిగాడు.

"వచ్చే శనివారం మళ్ళీ వెళ్తాను."

ఆయన ఆగాడు. "ఎవరితో? ఆ పిల్ల వెళ్ళిపోతోందిగా?"

"ఒక్కదాన్నే."

నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. "ఒక్కదానివే వెళ్ళి ఏం చేస్తావే అక్కడ?" అన్నాడు. ఎకసెక్కం కాదు. ఆయనకి నిజంగానే తెలియదు. ఇరవై నాలుగేళ్ళు పక్కన పడుకున్న మనిషికి తెలియదు, ఎందుకంటే ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. లోపలి గది తలుపు తెరుచుకుంది. అత్తగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ వినేలా, గొంతు తగ్గించకుండా చెప్పింది అక్క.

"డాన్సు చేస్తానండీ. నాకు చాలా ఇష్టం."