మరదలు ఎక్కడుంటే అక్కడికే

చెప్పుల షాపులో కింద మరదలు, పైన వదిన. పంతొమ్మిదేళ్లుగా అదే వరస. మరదలు చిన్న పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ల పాదం అటూ ఇటూ తిప్పి చూసి, "వదినా, ఏడో నంబరు, నలుపు, మడమ మెత్తగా ఉండాలి!" అని కేకేస్తుంది. ఆ కేక చల్లారేలోగా వదిన అట్టపెట్టెతో మెట్ల మీద ప్రత్యక్షం.

"ఏం, పైన నిద్దరోయావా?"

"నీ నోటికి సరిపడే మూత దొరుకుతుందేమోనని వెతికా. అంత సైజులో లేదు."

ఇద్దరి ఇళ్లూ ఊరికి చెరో కొస. వదిన భర్త పోయాక ఇద్దరినీ కలిపి ఉంచింది ఈ షాపే. అందుకే, కంపెనీకి ఊళ్లో ఉన్న రెండు షాపుల్లో ఒకటి ఎత్తేస్తారన్న కబురు వచ్చిన దగ్గర్నుంచి వదినకి ముద్ద దిగడం లేదు. ఒకరోజు కంగారులో రెండూ ఎడమ కాలివే పట్టుకొచ్చింది. మరదలు నవ్వింది గానీ ఆ నవ్వులో పస లేదు.

సోమవారం హెడ్డాఫీసు నుంచి సర్వే మేడమ్ దిగింది. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, బయటికి వెళ్లే ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతోంది: "ఈ షాపు లేకపోతే చెప్పులు ఎక్కడ కొంటారు?"

వదిన మెట్ల మీద చెవులు రిక్కించి నిలబడింది. మొదటి ముగ్గురూ, "ఎదురుగా వేరే కంపెనీ వాళ్ల షాపుంది కదండీ," అనేసి చక్కా పోయారు. ఇలాంటి మాటలు కాగితం మీదికెక్కితే షాపు ఉంచుతారా!

మధ్యాహ్నానికల్లా వదినే రంగంలోకి దిగింది. తెలిసిన ముఖం కనిపిస్తే చాలు, పెట్టె అందించే వంకతో పక్కకు చేరేది.

"ఆవిడ అడిగితే ఇంకెక్కడికో పోతామనకండి, మీకు పుణ్యముంటుంది. మా మరదలు ఎక్కడుంటే అక్కడికే వస్తామనండి. మీ కాలి సంగతి దానికంటే ఎవరికి తెలుసు?"

"అది ఒకరు నేర్పాలా అమ్మా, ఉన్న మాటేగా," అంది రోజంతా నిలబడి పనిచేసే నర్సు. పోస్ట్‌మ్యాన్ అయితే మేడమ్ నోరు తెరవకముందే ఆ మాట అప్పజెప్పేసి సైకిలెక్కాడు. వదిన మెట్ల మీద ఉబ్బితబ్బిబ్బయింది.

శనివారం సాయంత్రం మేడమ్ కాగితాలు సర్దుకుంటుంటే, వదిన టీ తెచ్చిచ్చి నెమ్మదిగా అడిగింది. "గట్టెక్కామా మేడమ్?"

మేడమ్ గ్లాసు అందుకుంది. "ఇంత ప్రేమ నేను ఏ షాపులోనూ చూడలేదమ్మా. అందుకే దీన్ని మూసేస్తారు."

వదిన బిత్తరపోయింది.

"రెండు షాపుల్లో అమ్మకాలు దాదాపు సమానం. అలాంటప్పుడు, ఏది మూస్తే జనం చెయ్యి జారిపోరో చూస్తాం. పోయిన వారం అక్కడా అడిగాను, ఆ షాపు మూస్తే సగంమంది వేరే కంపెనీకి పోతారు. మీ దగ్గర నూటికి తొంభైమంది, మీ మరదలు ఎక్కడుంటే అక్కడికే వస్తామన్నారు. ఆవిణ్ణి అక్కడికి పంపితే చాలు, ఇక్కడివాళ్లంతా వెనకే వస్తారు."

"ఆ మాట నేనే చెప్పించాను మేడమ్!"

"తెలుసు. మీ గుసగుసలు గుమ్మం దాకా వినిపించాయి. కానీ మీరు చెప్పించింది అబద్ధం కాదు కదా."

కాదు. అబద్ధం కాదు. వదిన మెట్టు మీద చతికిలబడింది. "మరి నేనో?"

"అక్కడ పెట్టెలు తెచ్చే మనిషున్నాడు. మీకు ఊరి బయట గోడౌన్లో పనిస్తారు."

పీట మీద నుంచి మరదలు చివాల్న లేచింది. "నన్నడక్కుండా నన్ను పంపించేశావా వదినా? గొప్పలు చెప్పుకోవడానికి ఇంకెవరూ దొరకలేదూ?"

"నీకంటే గొప్పది నా దగ్గర ఇంకేముందే!"

మరదలు నోరు మొదటిసారి మూతపడింది. ముఖం తిప్పుకుని పమిటచెంగుతో ముక్కు తుడుచుకుంది. వదిన మాత్రం ఏడవలేదు. ఏదో లెక్క తట్టినట్టు మేడమ్ వైపు తిరిగింది.

"గోడౌన్ నుంచి ఆ షాపుకి సరుకెలా వెళ్తుంది?"

"వ్యాన్లో. వారానికి రెండుసార్లు. డ్రైవరుతో పాటు పెట్టెలు సరిచూసి అప్పగించే మనిషొకరు వెళ్తారు."

"ఆ మనిషిని నేనే అని రాయండి."

"వయసులో ఉన్నవాళ్లకే కష్టమమ్మా, వ్యాన్ ఎక్కడం దిగడం..."

"పంతొమ్మిదేళ్లు ఈ మెట్లెక్కి దిగాను. వ్యాన్ ఒక లెక్కా? రాయండి మేడమ్."

మేడమ్ రాసింది. రాసింది కళ్లారా చూసుకునేదాకా వదిన కాగితం మడవనివ్వలేదు.

"వారానికి రెండు రోజులేనా?" అంది మరదలు, ఇంకా అటే తిరిగి.

"నీ చేతిలో పనేగా. సరుకు జోరుగా అమ్మెయ్యి. రెండు రోజుల్లో ఖాళీ చేశావంటే మూడోసారీ వస్తాను."