పి.టి.ఓ. అనే కంపెనీ

గంపలో కాయలు తిప్పి పెట్టాలి. మగ్గినవి పైకి, గట్టివి అడుక్కి. కింద గడ్డి మార్చాలి. తొమ్మిదింటికల్లా ఆఫీసు చేరి రిపోర్టు పుస్తకాలు ముప్పై ఉన్నాయో లేదో చూసుకోవాలి. మీటింగు గదిలో కుర్చీకొకటి పెట్టాలి. నీళ్ళ సీసాలు, పేపరు ప్లేట్లు, చేతులు తుడుచుకునే కాగితాలు. డైరెక్టరు గారి గదిలో పూలకుండీని మీటింగు గదిలోకి మోయాలి. సాయంత్రం వచ్చేటప్పుడు సారమ్మ మోకాళ్ళకు నూనె.

యోహాను ఇవన్నీ మనసులో మరోసారి అనుకుంటూ, గంప ముందు గొంతుక్కూర్చుని సీతాఫలాలను ఒక్కొక్కటే తీసి బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. నొక్కడమంటే పసిపిల్ల నుదురు తాకినంత. సహకార సంఘం వారి పండ్ల కేంద్రంలో ఇరవై రెండేళ్ళు గ్రేడింగు బల్ల ముందు నిలబడి ఏ కాయ ఎన్నాళ్ళకు పండుతుందో చెప్పిన వేలు అది. చివర కొంచెం చదునైంది, గోరు పక్కకు వంగింది. కేంద్రం మూతపడి ఆరేళ్ళయింది. తర్వాత నాలుగేళ్ళు ఒక అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చున్నాడు. వేలు మాత్రం పాత పని మరిచిపోలేదు.

కూకట్‌పల్లిలో వాళ్ళు అద్దెకున్న ఆ ఒంటిగదికి ఒకటే కిటికీ. రెండు రోజులుగా అక్కడ మగ్గుతున్న పండ్ల వాసన తీపి దాటి పులుపులోకి తిరిగింది. చిన్నచిన్న ఈగలు గంప మీద ముసురుతున్నాయి.

"ఈ వాసనకు నా తలకాయ దిమ్మెక్కుతుంది. గంత పెద్ద ఆఫీసుల గివి తింటరా?" అంది భార్య సారమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"చెంచాలు పెట్టుకుని తింటరు."

"మరి గింజలు?"

"గింజలు యాడ ఉమ్మాల్నో తెల్వక నోట్లెనే పెట్టుకుని ఇంగ్లీషు మాట్లాడతరు."

సారమ్మ నవ్వింది. టిఫిన్ డబ్బా చేతికిచ్చి, అతని చొక్కా భుజం మీద గడ్డి పోచ తీసేసింది.

సెవెన్ సీటర్ ఆటోలో పదకొండు మంది ఉన్నారు. గంపను చూసి డ్రైవరు, "దానికి గూడ కిరాయి ఇయ్యాలె పెద్దాయనా," అన్నాడు.

"అదేమన్న కాళ్ళు చాపుకుని కూసుంటదా?"

"కూసోకున్నా కంపు కొడతది గద."

దారి పొడుగునా బండరాళ్ళను మందు పెట్టి పేలుస్తున్నారు. మాదాపూర్ దగ్గర పడేసరికి సగం కోసిన గుట్టలు, తెగిన వైపు పచ్చి మాంసంలా గులాబీ రంగులో కనిపించాయి. వాటి మధ్య అద్దాల భవనాలు. యోహాను పనిచేసే భవనం గేటు పక్కనే మురుగుకాల్వ పొంగి రోడ్డు మీద నల్లగా నిలిచింది. దాని మీద ఒక చెక్క వేశారు. సూట్లు వేసుకున్నవాళ్ళు ముక్కులు మూసుకుని ఆ చెక్క మీద నడిచి, అవతల గడ్డి పరిచిన మెట్టు ఎక్కగానే మామూలుగా ఊపిరి పీల్చుకుంటున్నారు. అతనికి రోజూ కనిపించే దృశ్యమే.

ఏ జిల్లాలో ఏ పంట మీద ఏ చిన్న వ్యాపారం పెట్టుకోవచ్చో చెప్పడం ఆ భవనం మూడో అంతస్తులోని ఆఫీసు పని. పాలమూరు జిల్లా మీద రిపోర్టు ఆ రోజు పదకొండింటికి విడుదల. జిల్లా అధికారులు వస్తున్నారు, యూనిట్లు పెడతామనే వ్యాపారులు వస్తున్నారు. రిపోర్టులో రంగురంగుల బొమ్మలు చాలా ఉన్నాయి. వాటి కోసం ఊళ్ళు తిరిగింది మాత్రం యోహానూ, ఇంకో నలుగురూ. మెడలో కార్డు మీద 'ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్' అని ఉంటుంది. ఆఫీసులో అందరూ ఫీల్డ్ అంకుల్ అంటారు.

పూలకుండీని మీటింగు గదిలోకి మోసి, గంప దించగానే డైరెక్టరు భీమేశ్వరరావు గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చారు.

"ఏవిటయ్యా యోహానూ ఈ కంపు? ఏసీలోంచి బిల్డింగంతా తిరుగుతుంది."

"పండ్లు సార్. మీరే చూపియ్యనీకి తెమ్మన్నరు."

"చూపించడానికి తెమ్మన్నాను గానీ వాసన చూపించమన్లేదు." తన మాటకు తనే నవ్వి, ఒక పండు విప్పి నిలబడే తిన్నారు. గింజల్ని పూలకుండీ మట్టిలోకి ఉమ్మారు. వేళ్ళు కర్టెను అంచుకు తుడుచుకుని వెళ్ళిపోయారు. ఎవరో వచ్చి గదంతా మల్లెల స్ప్రే కొట్టారు. కుళ్ళుతున్న తీపి మీద దొంగ మల్లెపూల వాసన పడి, అంతకుముందు కంటే రోతగా తయారైంది.

యోహాను పుస్తకాలు పేర్చాడు. ముప్పై సరిగ్గా ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు. ఒక పుస్తకం పట్టుకుని, పక్క గదిలో కంప్యూటరు ముందున్న జయంతి దగ్గరికి వెళ్ళాడు. ఆమెది కెపిహెచ్‌బి కాలనీ. కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం. ఊళ్ళ నుంచి వచ్చిన ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే.

"జయంతమ్మా, మా ఎర్రగుంటపల్లి యాడుందో జర చూపిస్తవా?"

ఎర్రగుంటపల్లిలో అతను మూడు రోజులున్నాడు. ఊరి వెనక గుట్ట, గుట్ట నిండా ఎవరూ నాటని సీతాఫలం చెట్లు. ఏ చెట్టు ఎవరిదో ఎక్కడా రాసి లేదు, కానీ ఊరి ఆడవాళ్ళందరికీ తెలుసు. కాయ మీద గీతలు తెల్లబడి కళ్ళు విచ్చేదాకా ఎవరూ తెంపరు. తెంపాక గంపల్లో పేర్చుకుని, తెల్లవారుజాము బస్సుకు పట్నం తెచ్చుకుంటారు. దసరా నుంచి కార్తీకం దాకా వాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలిగేది ఆ గంపల వల్లే. అంజమ్మ అనే ఆమె అతన్ని గుట్ట పైదాకా ఎక్కించింది. ఎండకు కాలిన మొహం, ముందు పళ్ళు రెండు లేవు.

"మా పేర్లు రాసుకుంటే ఈ గుట్ట మాకుంటదా సారూ?" అని అడిగింది.

"ఉంటది," అన్నాడు యోహాను. ఆ మాట అనే అధికారం తనకు ఎవరిచ్చారో అప్పుడు ఆలోచించలేదు.

జయంతి పేజీలు తిప్పింది. "నలభై ఏడో పేజీ అంకుల్. ఇంగ్లీషులో ఉంది, చెప్తానుండండి. ఎర్రగుంటపల్లి గుట్ట, మూడు వందల ఎకరాలు, సీతాఫలం. ప్రస్తుతం వాడుకుంటున్నవాళ్ళు, నిల్. పంటంతా వృథాగా పోతోంది. గుజ్జు తీసే యూనిట్ పెట్టేవాళ్ళకి గుట్ట మొత్తం లీజుకి ఇవ్వొచ్చు."

నిల్ అనే మాట యోహానుకు తెలుసు. పండ్ల కేంద్రం మూసేసిన రోజు స్టాకు పుస్తకంలో ఆఖరి గీత మీద రాసింది అదే.

"వాళ్ళ పేర్లు రాసిచ్చిన గదమ్మా. నలభై రెండు మంది."

"పేర్లెక్కడివి అంకుల్?" జయంతి బీరువాలోంచి మూట తీసి, వెతికి ఫారం బయటపెట్టింది. "ఇదిగోండి. పంటను వాడుకుంటున్నవారి పేరు అన్న గడిలో మీరు పి.టి.ఓ. అని రాశారు. నేనదే కొట్టాను. సార్ చూసి, ఈ పి.టి.ఓ. కంపెనీ ఎక్కడిదో కనుక్కోమన్నారు. డైరెక్టరీ అంతా వెతికానండీ. పూనాలో ఉందేమో అని కూడా ఫోన్ చేయించారు. ఎక్కడా లేకపోతే కొట్టేసి నిల్ వెయ్యమన్నారు."

యోహాను ఫారం తీసుకున్నాడు. గడి రెండు అంగుళాల వెడల్పు. నలభై రెండు పేర్లు పట్టవు. అందుకే ఆ మూడు అక్షరాలు రాశాడు. సంఘంలో మేనేజరు పెద్ద బిల్లుల కింద అలా రాసేవాడు. కాగితం తిప్పమని దానికి అర్థం అని ఆయనే నేర్పాడు. యోహానుకు వచ్చిన ఇంగ్లీషులో అతను కాస్త గర్వపడేవి ఆ మూడు అక్షరాలే. చుక్కలతో సహా అందంగా రాశాడు.

కాగితం తిప్పి బల్ల మీద పెట్టాడు. అంజమ్మ, పెద్ద బాలమ్మ, చిన్న బాలమ్మ, కుంటి ఎల్లమ్మ. నీలి సిరాలో, రెండు వరసల్లో, అంచుదాకా పేర్లు.

జయంతి పేర్ల మీద వేలు పెట్టి ఆఖరి దాకా చదివింది. "మూడు వేల ఫారాలు అంకుల్," అంది చివరికి. "ఒక్కటి కూడా తిప్పలేదు."

"నీ తప్పేమున్నది తల్లీ. తెలుగుల రాస్తే అయిపోతుండె."

ఫారం పట్టుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళాడు. ఆయన అద్దంలో చూసుకుంటూ టై సరిచేసుకుంటున్నారు. యోహాను చెప్పింది విన్నారు. పి.టి.ఓ. సంగతి వినగానే పడీపడీ నవ్వారు.

"భలేవాడివయ్యా. పూనా ఫోన్ ఖర్చు నీ జీతంలో కొయ్యాలి."

"కొయ్యుండ్రి సార్. నలభై ఏడో పేజీ మార్చుండ్రి."

"అయ్యేపనేనా? అచ్చయిపోయింది, వాళ్ళు దార్లో ఉన్నారు. అయినా చూడు, గంపలో పెట్టుకుని రోడ్డు మీద అమ్మడాన్ని వ్యాపారం అనరు. మన లెక్కలో అది వినియోగం కిందకి రాదు."

"నలభై రెండు కుటుంబాలు సార్. గుట్ట లీజుకిస్తే వాళ్ళను ఎక్కనియ్యరు."

"రేపు యూనిట్‌లో కూలికొస్తారు. నీడపట్టున పని."

"యూనిట్ నడవది సార్. సీతాఫలం గుజ్జు కాచితే చేదైతది, నల్లబడ్తది. మా సంఘంల రెండుసార్లు చేసి కాల్వల పారబోసినం. ఆ ఊర్ల కరెంటే రెండు గంటలు."

"అవన్నీ టెక్నాలజీ చూసుకుంటుందయ్యా." ఆయన దంతాల మధ్య ఇరుక్కున్న గుజ్జు పీచును గోటితో లాగి, చూసి, బల్ల కింద తుడిచారు. "వెళ్ళి నీళ్ళ సీసాలు పెట్టు."

యోహాను వెళ్ళి నీళ్ళ సీసాలు పెట్టాడు. ప్లేట్లు పెట్టాడు. పూలకుండీ మూలకు జరిపాడు. అతనికి డైరెక్టరు మీద కోపం రాలేదు. కోపానికి కొంచెం గౌరవం కావాలి. వచ్చింది వెగటు. చొక్కా లోపల చెమటకు అంటుకున్న పండ్ల రసంలాగా అది ఒంటిని వదలడం లేదు. ఆయన మీద ఎంత ఉందో, గుట్ట మీద నిలబడి 'ఉంటది' అన్న తన నోటి మీద అంతకంటే ఎక్కువ ఉంది.

గోడ గడియారం పది దాటి పది నిమిషాలు. గది తలుపు దగ్గరికి వేశాడు. జేబులోంచి బాల్‌పెన్ను తీసి, మొదటి కుర్చీలోని పుస్తకం నలభై ఏడో పేజీకి తెరిచాడు. జయంతి చూపించిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, అంచులో తెలుగులో రాశాడు: 'వృథా కాదు. ఎర్రగుంటపల్లి ఆడవాళ్ళు 42 మంది ఈ పండ్లు అమ్ముకొని బతుకుతున్నారు.'

రెండో కుర్చీ. మూడో కుర్చీ. పదో పుస్తకానికి అక్షరాలు కుదురుకున్నాయి. ఇరవయ్యో పుస్తకానికి వేలు నొప్పెట్టింది. ఇరవై ఆరో దాని దగ్గర తలుపు తెరుచుకుంది. జయంతి. తెరిచి ఉన్న పేజీని చూసింది, అతని చేతిని చూసింది.

"కింద కారు వచ్చిందండీ," అని చెప్పి, తలుపు దగ్గరికి లాగి, బయటే నిలబడింది.

ముప్పై పూర్తయ్యాయి.

పట్టుబడటానికి ఎంతోసేపు పట్టలేదు. అతిథులు పక్క గదిలో టీ తాగుతుండగా డైరెక్టరు గారు తన పుస్తకం ఒకసారి తిరగేశారు. ఆయన అరవలేదు. పెద్దమనుషులు బయట ఉన్నారు.

"జయంతీ, వైట్నర్ సీసాలు ఎన్నున్నాయి? మొత్తం తీసుకురామ్మా. రెండేసి పూతలు వెయ్యి." తర్వాత యోహాను వైపు తిరగకుండానే, "గేటు దగ్గర కార్డిచ్చేసి వెళ్ళు. గంప కూడా తీసుకుపో," అన్నారు.

యోహాను గంప ఎత్తుకున్నాడు. లిఫ్టులో ఇద్దరు కుర్రాళ్ళు అతనికి దూరంగా జరిగి గోడకు అతుక్కున్నారు. గేటు దగ్గర కార్డు తీసి ఇచ్చాడు. సెక్యూరిటీ అతను, "ఏంది అంకుల్, జల్దీ పోతున్నవ్?" అంటే, "పని అయిపోయింది," అన్నాడు. మురుగు మీది చెక్క దాటి, ఎండలో రోడ్డు వెంట నడిచాడు. సారమ్మ నూనె గుర్తొచ్చి దుకాణం దగ్గర ఆగాడు.

మరునాడు ఎర్రగుంటపల్లి బస్సెక్కి వెళ్ళి అంజమ్మకు జరిగింది చెప్పాడు. ఆమె తిట్టలేదు. "కాగితం తిప్పి చూడనోళ్ళు గుట్ట ఏం చూస్తరు సారూ," అని, తినమని రెండు పండ్లు చేతిలో పెట్టింది. అతను తినలేకపోయాడు.

వేసవిలో, సారమ్మ పనికి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, యోహాను చాప మీద పడుకుని మళ్ళీ లేవలేదు. తర్వాత దసరాకు గుట్ట చుట్టూ ముళ్ళకంచె వచ్చింది. యూనిట్ ఒక్క సీజను నడిచింది. గుజ్జు నల్లబడి, చేదెక్కి, పీపాలకు పీపాలు వాగులో కలిసింది. ఊరి గొడ్లు నెల రోజులు ఆ నీళ్ళు ముట్టలేదు.

జయంతి ఆ రోజు వైట్నర్ రెండు పూతలు వెయ్యలేదు. ఒక్కటే వేసింది, పల్చగా. ఎప్పుడైనా మీరు ఆ జిల్లాలో ఏదైనా ఆఫీసుకు పని మీద వెళ్ళి, అధికారి కోసం బెంచీ మీద కూర్చోవలసి వస్తే, పక్క బీరువాలో నీలం అట్టతో ఆ రిపోర్టు పుస్తకం ఒకటి ఉంటుందేమో చూడండి. నలభై ఏడో పేజీ దగ్గర యోహాను అనే మనిషిని ఒక్క నిమిషం తలుచుకోండి. అక్కడ తెల్లపూత పెచ్చులుగా లేచి, కింద నుంచి నీలి సిరా కొంచెం కొంచెంగా బయటికి వస్తూ ఉంటుంది.