కామేశ్వరమ్మ బరువు

తెల్లవారగానే కామేశ్వరమ్మగారి మొదటి పని పాలు చూడడం. గోటి మీద చుక్క నిలబెట్టి, అది జారితే పాలమనిషి వైపు ఒక్క చూపు చూసేది. ఆ చూపుతో పాటే ఆవిడ కూర్చున్న పీట కిర్రుమనేది. కోపం వస్తే ఆవిడ బరువెక్కుతుంది. నీళ్ళ పాలకి రెండు వీశెలు, ఆలస్యంగా వచ్చిన చాకలికి నాలుగు, అబద్ధానికి మణుగు. నర్సీపట్నంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. వింతగా చెప్పుకున్నవాళ్ళూ లేరు. బండి కట్టేముందు బండివాడు సింగన్న గుమ్మంలోంచి అడిగేవాడు.

"అమ్మగోరికి ఇయ్యేళ ఎవుళిమీదైనా కోపమేటండి?"

లేదంటే చిన్న బండి. ఉందంటే బెల్లం దిమ్మలు మోసే పెద్ద బండి. తమ్ముడు రామనాథం పేరు వినపడిన రోజున మాత్రం ఏ బండీ కదిలేది కాదు.

ఆ కోపానికి పదకొండేళ్ళు. కూతురి పెళ్ళిలో, అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, పిల్లకి సొంత మేనమామ అయిన రామనాథం నెయ్యి వేయించుకుని, "వాసనొస్తోంది" అని లేచిపోయాడు. అన్నం కలపకుండా లేచాడు. అతని వెనకే మగపెళ్ళివారు సగం మంది లేచారు. ఆ పిల్లని అత్తవారింట్లో ఇప్పటికీ వాసన నెయ్యి వారి పిల్ల అనే అంటారు. ఆ నెయ్యి కామేశ్వరమ్మగారు దగ్గర నిలబడి కాచింది. తమలపాకు వేసి దింపింది. ఇంకొకరి చేతికి గరిట ఇవ్వలేదు. ఆనాటి నుంచి తన విస్తట్లో నెయ్యి వేసుకోలేదు.

రామనాథం కోర్టులో ప్లీడరు. నలుగురి ముందు అన్నావు కాబట్టి నలుగురి ముందే తప్పని ఒప్పుకో అని ఆవిడ ఏటా కబురు పంపేది. అన్నది అన్నదే అని అతను ఏటా తిప్పి పంపేవాడు.

ఆ ఏడు దసరా వెళ్ళాక వచ్చిన శని ఆదివారాల్లో మోటారు పందెం పెట్టారు. నర్సీపట్నంలో బయల్దేరి కోటవురట్ల వెళ్ళి తిరిగి రావాలి, రెండు రోజులూ. మొత్తం ఏడు మోటార్లు. ఎవరైనా ఎనిమిదని చెబితే వాడు ఆ పక్కకి రాలేదన్నమాట. గొలుగొండ నుంచి, మాకవరపాలెం నుంచి జనం బళ్ళు కట్టుకొచ్చి రోడ్డు పక్కనే పొయ్యిలు పెట్టుకున్నారు. కొండవాళ్ళు సీతాఫలాల గంపలు దింపారు. జీళ్ళు, గోలీసోడాలు, తుని నుంచి బ్యాండు. బ్యాండువాళ్ళకి వచ్చినవి రెండే పాటలు. అవే తిప్పి తిప్పి రెండు రోజులు వాయించారు, సిగ్గు లేకుండా.

ఏడు మోటార్లలో ఒకటి రామనాథంది. ఎవరో వాడి వదిలేసిన బండి కొని, ఆకుపచ్చ రంగు పూయించాడు. తోలేవాడు మత్స్యలింగం. పక్కన కళ్ళద్దాలు బిగించుకుని రామనాథం.

కామేశ్వరమ్మగారు పందెం మొదలయ్యే చోటికి వెళ్ళలేదు. దారిలో కాలవ మీద వంతెన ఉంది. ప్రతి మోటారూ అక్కడ ఆగి, కమిటీవారి చేత కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. చూసేందుకు ఎత్తైన చోటని జనం కూడా అక్కడే ఎక్కువ. ఆవిడ నడిచే వచ్చి, వంతెన మొదట్లో సింగన్న చేత పీట వేయించుకుని కూర్చుంది. భర్త సోమసుందరం మేష్టారు వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డారు.

శనివారం ఆకుపచ్చ మోటారు వచ్చి ఆగింది.

"ఒరేయ్ రామనాథం, ఇంతమంది ఉన్నారు. ఆ నెయ్యి సంగతి చెప్పి కదులు" అంది ఆవిడ.

రామనాథం చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇంజను మోత. ఏమీ వినపడడం లేదు" అన్నాడు. మోటారు వెళ్ళిపోయింది. పీట కాళ్ళు రోడ్డులోకి దిగిపోయాయి.

ఆదివారం ఆవిడ పీట ఇంకా ముందుకి, రోడ్డు అంచుకి జరిపించింది. జనం రెట్టింపయ్యారు. అందరికంటే ముందు ఆకుపచ్చ మోటారే వస్తోంది. మత్స్యలింగం వేగం తగ్గించబోయాడు.

"ఆపకు. పోనీ" అన్నాడు రామనాథం.

"ముద్ర పడకపోతే మనల్ని తీసేస్తారు బాబూ."

"తీసెయ్యనీ. ఆవిడ ముందు మాత్రం ఆపకు."

చెప్పి ఊరుకోలేదు. తానే చెయ్యి చాపి చక్రం అవతలికి తిప్పాడు. మోటారు వంతెన పిట్టగోడని పగలగొట్టుకుని, ముందు చక్రాలు రెండూ గాలిలో పెట్టి ఆగింది. మత్స్యలింగం వెనక్కి దూకేశాడు. రామనాథం కాలు కింద ఎక్కడో ఇరుక్కుంది. కింద తాటిచెట్టంత లోతు, బండరాళ్ళు. మోటారు మెల్లగా ముందుకి ఒరుగుతోంది. పట్టుకోబోయిన ఇద్దరు మగవాళ్ళని ఈడ్చుకుపోబోతే వాళ్ళూ వదిలేశారు.

కామేశ్వరమ్మగారు లేచింది.

"ఏమేవ్, ఆగు" అన్నారు మేష్టారు.

"వాడు చస్తే ఆ మాట ఎవరు చెబుతారండీ?"

ఆవిడ నడిచిన చోట కంకర కుంగింది. వెనక నుంచి ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. ఒరిగిపోతున్న మోటారు ఆగి, వెనక్కి జానెడు దిగింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. వెనక వస్తున్న ఆరు మోటార్లు వరసగా ఆగి హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి.

రామనాథం వెనక్కి తిరగలేక తిరిగి చూశాడు.

"అక్కా, నువ్వు కాబట్టి వచ్చావు. నన్ను క్షమిం..."

మోటారు ముందుకి మూరెడు వంగింది.

"అయ్యగోరూ, ఆ మాట అనకండి" అన్నాడు సింగన్న. "అమ్మగోరు తేలికైపోతారు. తిట్టండి, బేగి తిట్టండి."

రామనాథం పెదవులు తడుపుకున్నాడు. "నీ పులుసులో ఎప్పుడూ ఉప్పు ఎక్కువే."

"చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నావు" అంది ఆవిడ. మోటారు కదల్లేదు.

"నీ ముగ్గులు వంకర."

"కళ్ళజోడు మార్చుకో."

"నీ నోటికి జడిసి బావగారు సెలవు రోజున కూడా బడికి పోతారు."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మేష్టారు గొడుగు అడ్డం పెట్టుకున్నారు. కామేశ్వరమ్మగారి పెదవి చివర కూడా ఏదో కదిలింది. అంతే, మోటారు ఇంకో మూరెడు వంగింది. పిట్టగోడ రాయి ఒకటి ఊడి కాలవలో పడింది. ఆ చప్పుడు పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

"ఇయ్యన్నీ పాతయ్యే బాబూ. ఇనీ ఇనీ అరిగిపోనాయి" అన్నాడు సింగన్న. "అమ్మగోరు ఎప్పుడూ ఇననిది సెప్పండి."

రామనాథం కళ్ళద్దాలు తీసేశాడు. కింద బండల వైపు చూశాడు. తరవాత జనం వైపు చూశాడు. కోర్టులో అందరికీ వినపడేలా మాట్లాడే గొంతు అతనిది. ఆ గొంతుతోనే చెప్పాడు.

"నెయ్యి మంచిదే."

ఆవిడ తల ఎత్తింది.

"పూస కట్టిన నెయ్యి. వేలితో రుచి చూసి మరీ లేచాను. మేనమామని పట్టుకుని నన్ను రెండో బంతిలో కూర్చోబెట్టావు. మొదటి బంతిలో మీ ఆయన బడి ఇన్‌స్పెక్టరుని కూర్చోబెట్టావు. నీ తల వంచాలనుకున్నాను. నోటికి వచ్చింది అన్నాను. నీ కూతుర్ని ఆ పేరు పెట్టి పిలుస్తున్నారని తెలిసిన రోజున ఇంట్లో నవ్వుకున్నాను కూడా."

హారన్లు కొట్టేవాళ్ళు కూడా ఆపేశారు.

మోటారు వెనక భాగం దభాలున రోడ్డు మీద పడింది. స్ప్రింగులు విరిగాయి. వెనక చక్రాలు ఇరుసు దాకా కంకరలో దిగబడ్డాయి. ముందు భాగం ఆకాశం వైపు లేచింది. ఆ విసురుకి రామనాథం ఇరుక్కున్న కాలు విడిపడింది. సీటు మీద నుంచి పాకి, అక్క పక్క నుంచే దొర్లుకుంటూ రోడ్డు మీద పడ్డాడు. బతికాడు. పంచె మోకాలి దాకా చిరిగింది.

"అక్కా, ఇంక దిగు" అన్నాడు.

ఆవిడ దిగలేదు. నాలుగు జతల ఎడ్లని కట్టి లాగారు. మోటారు వెంట్రుకవాసి కదల్లేదు. వంతెన మీద దారి లేదు. వెనక ఆరు మోటార్లు ఆరూ నిలిచిపోయాయి. దొరలు వాచీలు చూసుకుంటున్నారు. కమిటీ పెద్ద వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా, తమరు దిగితే గాని పందెం సాగదు. ఏం చెయ్యమంటారు?"

"వాడు చెప్పింది వెనకవాళ్ళకి వినపడి ఉండదు" అంది ఆవిడ. "వెళ్ళి చెప్పి రమ్మనండి."

రామనాథం అక్క వైపు చూశాడు. ఆవిడ కాలవ వైపు చూస్తోంది. అతను చెప్పు ఊడిన కాలితో కుంటుకుంటూ మొదటి మోటారు దగ్గరికి వెళ్ళాడు. కిటికీ దగ్గర వంగి, ఆ నెయ్యి మంచిదండీ, నేను అబద్ధమాడాను అని చెప్పాడు. రెండో మోటారు దగ్గరా అదే చెప్పాడు. మూడోదాంట్లో ఉన్న తెల్లదొరకి తెలుగు రాకపోతే ఇంగ్లీషులో చెప్పాడు. ఆ దొర అర్థం కాక టోపీ తీశాడు. సింగన్న దిగబడ్డ చక్రం పక్కనే గొంతుక్కూర్చుని, కంకర మీద వేలు ఆనించి చూస్తూ ఉన్నాడు.

ఆరో మోటారు దగ్గర రామనాథం మాట ముగించేసరికి చక్రం బొటనవేలంత పైకి వచ్చింది.

అంతే. ఇంకా లేస్తుందేమోనని అందరూ కాసేపు చూశారు. లేవలేదు. కామేశ్వరమ్మగారు తమ్ముడు చాపిన చెయ్యి పట్టుకోకుండా దిగి, ఇంటిదారి పట్టింది.