చెంబెడు కృష్ణ నీళ్లు

నేను ఒక ఇత్తడి మరచెంబును. ఏళ్ల తరబడి నాకొక సందేహం. నీటికి అంటు ఉంటుందా? ఉంటే, ఆ నీళ్లు తాగిన పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, నన్ను మాత్రం చింతపండు వేసి ఎందుకు తోమించారు?

కంచరి నా మెడకు మర చుట్టి మూత బిగించాక, కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఇంటికి చేరాను. ప్రయాణాల్లో బయటి నీళ్లు ముట్టని ఇల్లు అది. ఒక వేసవిలో ఆ ఇంటి కోడలు కామేశ్వరమ్మ గారు, ఆవిడ అత్తగారు, పసిపిల్ల భవాని కారు మాట్లాడుకుని కోటలు చూడబోయారు. నా నిండా కృష్ణ నీళ్లే. కొండవీడు, ఉదయగిరి, సిద్ధవటం. శత్రువులు రాకుండా రాజులు కట్టించిన గోడల మీద, చూడవచ్చినవాళ్లు బొగ్గుతో తమ పేర్లు రాసుకున్నారు.

గండికోట చేరేసరికి నాలో చుక్క లేదు. ఎండకు భవాని సొమ్మసిల్లింది. లోయ అడుగున పెన్న మెరుస్తోంది గానీ ఎవరికీ అందేది కాదు. కోటలోనే కాపురముండే ఖాసింబి కడవతో పరుగున వచ్చింది. బయటి నీళ్లని అత్తగారు గొణిగారు. అది విన్న ఖాసింబి, తన కడవ నాకు తగలకుండా పైకెత్తి పోసింది. పిల్ల కళ్లు తెరిచింది.

ఏమిచ్చుకోనని కామేశ్వరమ్మ గారు అడిగితే ఖాసింబి నవ్వింది.

“మళ్లా వస్తే మీ కృష్ణ నీళ్లు ఒక చెంబుడు తేమ్మా. పెన్న మాకు కనబడతాది, అంతే.”

ఇంటికి రాగానే అత్తగారి మాట మీద నన్ను తోమారు. ఆపైన అటక ఎక్కించారు.

అత్తగారు పోయిన చాలాకాలానికి కామేశ్వరమ్మ గారు నన్ను దింపి, కృష్ణలో ముంచి, దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. ఈసారి కారు నడిపింది భవాని. మళ్లీ అవే కోటలు. ఉదయగిరి కొండ మీద సీసాల్లో నీళ్లు అయిపోయి భవాని నా మీద చెయ్యి వేసింది.

“అవి నీవి కావే, నిన్ను బతికించినావిడవి,” అన్నారు తల్లి. భవాని నాలుక తడుపుకుంటూ కొండ దిగింది.

దారంతా కామేశ్వరమ్మ గారిది ఒకటే బెంగ, ఆ మనిషి ఉందో లేదోనని. ఉంది. నడుము వంగింది, చూపు తగ్గింది.

“పాప బాగుండాదా?” అని అడిగింది ముందు. భవాని వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టింది.

నా మూత తియ్యగానే ఖాసింబి పాత అలవాటు కొద్దీ నేల మీద కూర్చుని దోసిలి పట్టింది. “పైనుంచి పొయ్యమ్మా. చెంబు మళ్లా తోముకోవాల్సొస్తాది.”

అంటే ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు.

కామేశ్వరమ్మ గారు కూడా నేల మీదే కూర్చున్నారు.

“దోసిలి వద్దమ్మా. చెంబు పట్టుకో.”

ఖాసింబి నన్ను రెండు చేతులా పట్టుకుని, నోటికి ఆనించుకుని తాగింది. కొంగుతో నా అంచు తుడవబోతే కామేశ్వరమ్మ గారు ఆ చెయ్యి ఆపి, నన్ను అందుకుని, మిగిలిన నీళ్లు అదే అంచున తాగారు.

“బాకీ తీరిపాయ తల్లీ,” అంది ఖాసింబి.