గొంగడి పరవని జాగా

ఒట్టు అనేది కొన్ని ఊళ్ళలో ఉత్త నోటిమాట. కురవికి దగ్గర్లోని ఆ గొర్లకాపరుల ఊళ్ళో మాత్రం నిప్పుతో సమానం. వీరన్న దేవుడి మీద అబద్ధపు ఒట్టేసి బాగుపడ్డ ఇల్లు ఒక్కటి చూపించండి, నేను సగం మీసం గీయించుకుంటాను.

ఊరంతా కలిసి ఒట్టు వేయాల్సి వస్తే అక్కడ ఒక పద్ధతుంది. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి జాగాలో వరసగా నిలబడాలి. ఇంటి మగవాడు మందతో ఏ దూరానికో పోయి ఉంటే అతని గొంగడి తెచ్చి పక్కన పరవాలి. గొంగడి ఉంటే మనిషి ఉన్నట్టే. చచ్చినవాడికి గొంగడి పరవరు. ఆ ఊరి పెంటమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒకడు తమ్ముడి చెలక భూమి కాజేద్దామని, బతికున్న తమ్ముడికి గొంగడి పరవకుండా ఒట్టేశాడు. కొన్నాళ్ళకు మేతకు పోయిన కృష్ణా నది దిక్కు నుంచి మంద తనంతట తానే ఊరు చేరింది. గొర్రెలన్నీ వచ్చాయి, కుక్క కూడా వచ్చింది. తమ్ముడు మాత్రం రాలేదు, శవం కూడా దొరకలేదు.

ఇప్పుడు పెంటమ్మ మొగుడు ఎర్రయ్య కూడా లోకం దృష్టిలో చచ్చినవాడే. దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి దళంతో అడవులు పట్టి తిరిగాడు. మొన్నటి వానల్లో, నిజాం పోయాక దిగిన యూనియన్ మిలిట్రీవాళ్ళు ముఖం చెదిరిపోయిన శవమొకటి తెచ్చి, నీ మొగుడే అన్నారు. కాదని పాదాలు చూడగానే పెంటమ్మకు తెలిసింది. అయినా మీదపడి ఏడ్చింది, గాజులు పగలగొట్టుకుంది, దినాలు చేసింది. చచ్చినవాడి కోసం ఎవరూ వెతకరు కదా. అసలు ఎర్రయ్య తొడలో తూటా దెబ్బతో ఇల్లు చేరి, కొట్టం మీది అటకలో గడ్డి మాటున పడి ఉన్నాడు.

కూతురు కొంరవ్వకు పెంటమ్మ ఒక్కటే నేర్పింది. ఎవరడిగినా "బాపు లేడు" అనాలి. ఆ పిల్ల దాన్ని ఎంత బాగా నేర్చుకుందంటే, ఆ మాట అనేటప్పుడు కళ్ళు అటకవైపు పొరపాటున కూడా పోయేవి కావు. నేర్పిన తల్లికే ఒక్కోసారి ఒళ్ళు జలదరించేది.

అట్లాంటి రోజుల్లో బడిపంతులు ఫకీర్ అహ్మద్‌కు పైనుంచి హుకుం వచ్చింది. జనవరి ఇరవయ్యారున దేశానికి కొత్త రాజ్యాంగం వస్తున్నది, దాని మొదటి మాటలు పిల్లలందరికీ నేర్పాలి, ఆ రోజు తల్లిదండ్రుల ముందు చెప్పించాలి. మిలిట్రీ క్యాంపు జమేదార్ స్వయంగా వచ్చి చూస్తాడు. నిన్నటిదాకా నిజాం చల్లగా ఉండాలని పిల్లలతో పాడించిన నోరే పాపం ఫకీర్ అహ్మద్‌ది. పాట మారింది, నౌకరీ నిలబడాలి. పైగా రజాకార్ల పాపం తన నెత్తిన రుద్దడానికి ఎవరికైనా చిన్న వంక చాలు. అందుకని పొద్దున్నా సాయంత్రం పిల్లల చేత వల్లె వేయించాడు. "భారత ప్రజలమైన మేము..." అని మొదలై, న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం అన్నీ చెప్పి, "మాకు మేము ఇచ్చుకుంటున్నాము" అని ముగిసేది.

కులపెద్ద రాజలింగం బడి అరుగు మీద కూచుని అంతా విన్నాడు.

"మేము అంటే ఎవలు సారూ?"

"అందరు తాతా. నువ్వు, నేను, పూరా ముల్క్, దేశమంతా."

"అందరు నిలవడి మేము అన్నంక గిది ఒట్టే గదా?"

"ఒట్టు కాదు తాతా, సబక్. పిల్లలు చెప్పే పాఠం."

"పిల్లలు చెప్తే ఒట్టు కాకుండ పోతదా? ఊరోళ్ళం వరుసల నిలవడ్తం. లేనోళ్ళకు గొంగళ్ళు పరుస్తం."

ఊరంతా వస్తామంటే పంతులుకు అంతకంటే ఏం కావాలి? సరేనన్నాడు. ఆ సరే పెంటమ్మ గుండెలో బండరాయై పడింది. గొంగడి పరిస్తే ఎర్రయ్య బతికున్నాడని జమేదార్‌కు తెలిసిపోతుంది. పరవకపోతే మొగుడు లేడని వీరన్న సాక్షిగా ఒట్టేసినట్టే.

ఆ సాయంత్రం జొన్న గటక ముంత పట్టుకుని అటకెక్కి సంగతి చెప్పింది. ఎర్రయ్య నవ్వాడు.

"పిచ్చిదానా, సంఘమోనికి ఒట్లేంది? పరవకు." తర్వాత గడ్డిపోచ ఒకటి తీసి నోట పెట్టుకున్నాడు. "ఇంతకు ఏమున్నదే అండ్ల? బిడ్డను చెప్పమను."

కొంరవ్వ నిచ్చెన మీద నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సమానత్వం అన్న చోట ఎర్రయ్య కళ్ళు మూసుకున్నాడు.

"గిదే గదనే మేమడిగింది," అన్నాడు చివరికి. "మరి ఆ మేము అన్నదాంట్ల నేనున్ననా?"

పెంటమ్మ ముంత అందుకుని బిడ్డను దిగమంది.

ఆ రోజు పొద్దున బడి ముందర ఊరంతా వరసల్లో నిలబడింది. వరంగల్ జైల్లో ఉన్నవాళ్ళ గొంగళ్ళు, మందలతో పోయినవాళ్ళ గొంగళ్ళు నల్లగా నేలమీద పరిచి ఉన్నాయి. ఇవేమిటని కుర్చీలో కూచున్న జమేదార్ అడిగితే, ఊళ్ళో లేనివాళ్ళ జాగాలని పంతులు చెప్పాడు. పెంటమ్మ పక్కన ఉత్త మట్టి ఉంది.

"కోడలా," అన్నాడు వరసకు మామయ్యే రాజలింగం మెల్లగా, "మా ఎర్రని జాగల..."

"లేడు మామా," అంది పెంటమ్మ. జమేదార్ ఆమె బోసిచేతులు చూసి తల తిప్పుకున్నాడు.

పిల్లలు మొదలుపెట్టారు. గాలి లేదు. అయినా "మేము" అన్నప్పుడు పరిచిన గొంగళ్ళ అంచులు లేచి మళ్ళీ ఒరిగాయి. పిల్లల సన్నని గొంతుల కింద మగవాళ్ళ గొంతులు కొన్ని కలిశాయి. వరసల్లో ఉన్న మగవాళ్ళు మాత్రం నోళ్ళు తెరవలేదు. రాజలింగం కళ్ళు తుడుచుకున్నాడు, జైల్లో ఉన్న కొడుకు గొంతు ఆయనకు తెలియదా! ఫకీర్ అహ్మద్ చుట్టూ చూశాడు, కానీ పాఠం ఆపలేదు. పెంటమ్మ తన పక్కనున్న మట్టి వైపు చెవి ఒగ్గింది. అక్కడ మాత్రం ఏమీ లేదు.

తర్వాత బెల్లం, పుట్నాలు పంచారు. జమేదార్‌కు చాయ్ వచ్చింది. పెంటమ్మ ఆగకుండా కూతురి రెక్క పట్టుకుని ఇంటికి నడిచింది. గుమ్మంలో పడుకున్న కుక్క కొట్టం వైపు చూసి మూలిగింది, లోపలికి రాలేదు. కొంరవ్వ గటక పట్టుకుని నిచ్చెనెక్కింది. ఎక్కినంత తొందరగానే నిండు ముంతతో దిగివచ్చింది.

"ఆడ ఎవ్వలు లేరవ్వా."

"ఇప్పుడెవ్వలు వింటలేరు బిడ్డా. బాపుకియ్యిపో."

"బాపు లేడు," అంది కొంరవ్వ. ఎప్పటిలాగే కళ్ళు తిప్పలేదు. కానీ ఈసారి ఆ పిల్ల అబద్ధమాడటం లేదు. ఏ బాపు అన్నట్టు తల్లి ముఖం చూస్తోంది.

పెంటమ్మ నిచ్చెనెక్కింది. గడ్డిలో మనిషి పడుకున్నంత గుంట ఉంది. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. ఎక్కడో చాలా దూరం నుంచి, మంద వెనకాల కేకేసినట్టు, ఒక గొంతు వినవచ్చింది.

"పెంటీ... చీకటైందేందే? దీపం పెట్టలేవా?"

బయట ఎండ కాస్తోంది.

ఆమె ఇక ఏమీ ఆలోచించలేదు. దండెం మీది గొంగడి లాక్కుని, కూతురిని ఈడ్చుకుంటూ బడికి ఉరికింది. జనం ఇంకా పోలేదు. జమేదార్ చాయ్ తాగుతున్నాడు. అందరూ చూస్తుండగా పెంటమ్మ తమ జాగాలో గొంగడి పరిచి, మడతలు సాపు చేసి లేచి నిలబడింది.

"సారూ, మళ్ళొకపారి చెప్పియ్యి. నీ కాల్మొక్త."

ఫకీర్ అహ్మద్ గొంగడిని చూశాడు, జమేదార్‌ను చూశాడు. అతనికి అంతా అర్థమైంది. ఇంటికి పో చెల్లే అంటే సరిపోయేది, తన నౌకరీ కూడా భద్రంగా ఉండేది. అతను బెత్తం కింద పెట్టాడు.

"భారత ప్రజలమైన మేము," అని తానొక్కడే మొదలుపెట్టాడు.

రాజలింగం గొంతు కలిపాడు. తర్వాత ఊరంతా కలిపింది. కొత్తగా పరిచిన గొంగడి అంచు మెల్లగా లేచింది. అదే క్షణాన పెంటమ్మ ఇంటి వైపు నుంచి దగ్గు వినబడింది, పొగాకు మానలేని మగవాడి దగ్గు. ఊరంతా విన్నది. జమేదార్ చాయ్ కప్పు కింద పెట్టి లేచాడు.

పెంటమ్మకు ముందు కలిగింది సంతోషమే. భయం ఆ తర్వాతే వచ్చింది. సిపాయిలు తుపాకులు అందుకుని వాడలోకి మళ్ళేసరికి, వాళ్ళకంటే ముందు కొంరవ్వ ఉరుకుతోంది. ఇన్నాళ్ళూ నేర్చిందంతా ఒక్కసారి మరిచిపోయి, ఊరంతా వినేటట్టు అరుస్తోంది.

"బాపున్నడు! మా బాపున్నడు!"